కిటికీకి ఎన్ని గుళ్లు?

వసంత పంచమి వస్తే ఆలంపూర్‌లో రెండు సందళ్లు. జోగులాంబ అమ్మవారి నిజరూప దర్శనానికి జనం బారులు తీరతారు. చదువుల తల్లి పండుగ కూడా అదే కాబట్టి, పళ్లెంలో బియ్యం పోసి పసివాళ్ల వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తారు.

ఇక్కడ తుంగభద్ర గట్టున 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు నవబ్రహ్మ ఆలయాలు కట్టించారు. ఆ కాలపు శాసనాల్లో రాజులు, దానాలు కనిపిస్తాయి. పిల్లల బడి లోపల ఏం జరిగేదో పూసగుచ్చినట్టు చెప్పే కాగితం మాత్రం వెయ్యేళ్ల తర్వాతది.

అది ఏటికి ఎగువన, కుంపిణీ పాలనలోని బళ్లారి జిల్లాది. మద్రాసు గవర్నర్ మన్రో బడుల లెక్క అడిగితే, కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన జవాబు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226.

బడి పొద్దున ఆరింటికే తెరిచేవారు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా: మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఆలస్యమైన కొద్దీ ఒక్కోటి పెరిగేది.

నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. చెయ్యి కుదిరాక ఆకు మీద గంటం, కడితం మీద బలపం. గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడిచి, బొగ్గుపొడీ బంకా కలిపి పూస్తే కడితం తయారు. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్తదే. పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు నేర్పేవారు. మద్రాసులో ఈ పద్ధతి చూసిన ఆండ్రూ బెల్ అప్పటికే దాన్ని ఇంగ్లండ్‌కు పట్టుకెళ్లాడు.

క్యాంప్‌బెల్ ఇదంతా మెచ్చుకుంటూనే ఒక లోపం పట్టుకున్నాడు. పిల్లలు పద్యాలను చిలకల్లా అప్పజెప్పేవారు, అర్థం తెలియదు. జనం పేదరికంలో పడి చాలా ఊళ్లలో బడులు మూతపడ్డాయనీ రాశాడు.

ఏటికి ఇవతల, ఆలంపూర్ వైపు, నిజాం రాజ్యం. సర్కారు భాష ఉర్దూ. తెలుగు చదువును నిలబెట్టడానికి 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ఊరూరా పరీక్షలు పెట్టింది. 1953 జనవరిలో దాని సభలు ఆలంపూర్‌లోనే జరిగాయి. గడియారం రామకృష్ణశర్మ పూనుకుని జరిపించిన ఆ సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించిందీ అక్కడే.

ఆ తర్వాతి దారి ఇంత తిన్నగా లేదు. పలక పోయి నోటుబుక్కు వచ్చింది. కరోనా బడులకు తాళం వేసింది. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లోకి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. అదే ఏడాది చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచాలని ప్రాథమిక బడుల్లో ‘తొలిమెట్టు’ మొదలైంది. గడగడా చదివిన పిల్లవాడిని అర్థమైందా అని అడగడం అందులో ముఖ్యమైన పని. క్యాంప్‌బెల్ ఎత్తిచూపిన లోపం రెండు వందల ఏళ్లకూ తీరలేదన్నమాట.

‘క’కు గుడిస్తే ‘కి’ అని చెబితే, గుళ్ల నీడలో పెరిగే ఆలంపూర్ పిల్లలు ఇట్టే గుర్తుపెట్టుకుంటారు. ‘కిటికీ’ రాయాలంటే రెండు గుళ్లు, ఒక గుడిదీర్ఘం. రాయడం అయ్యాక, గదిలో కిటికీ ఎక్కడుందో వెళ్లి ముట్టుకుని రమ్మనాలి.