పాలిమర్ రేణువు ఆకారం మారితే ఏమవుతుంది..? అసలు కెమిస్ట్రీ ఇదే!

నీళ్లలో పడ్డ నూనె బొట్టు గుండ్రంగా ఎందుకుంటుంది? కారణం తలతన్యత. ద్రవం తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది, ఆ లెక్కలో గోళాన్ని మించింది లేదు. గోడలకు వేసే ఎమల్షన్ పెయింట్‌లోని పాలిమర్ రేణువులు కూడా ఇలాగే గుండ్రంగా తయారవుతాయి. మరి వాటికి వేరే ఆకారం ఇవ్వాలంటే? చాలావాటి సైజు ఒక మైక్రాన్ కూడా ఉండదు, అచ్చులో పోయడం అంత తేలిక కాదు. ఇక్కడ రసాయన చర్యల సాయం తీసుకోవచ్చు.

అమెరికాలోని లీహై యూనివర్సిటీ పరిశోధకులు 1990లోనే ఓ పద్ధతి వివరించారు. పాలీస్టైరీన్ గొలుసులను డైవినైల్ బెంజీన్‌తో అక్కడక్కడా ముడివేస్తే రేణువు లోపల వలలాంటి అల్లిక ఏర్పడుతుంది. దాన్ని స్టైరీన్‌లో నానబెడితే శనగలా ఉబ్బుతుంది. ఆ తర్వాత వేడి చేస్తే వల బిగుసుకుని, లోపలి స్టైరీన్‌ను ఓ పక్కకు నెట్టేస్తుంది. పొంగిన ఆ బుడిపె అక్కడే పాలిమర్‌గా గట్టిపడుతుంది. అంతే, డంబెల్ రెడీ!

దీంతో మనకేంటి అంటారా? అసలు విషయం మందుల దగ్గర ఉంది. ఒంట్లోకి వచ్చిన రేణువులను మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు మింగేస్తాయి. కానీ సాగిన బిళ్లలాంటి రేణువు కొస తగిలితే నిమిషాల్లో మింగే ఈ కణం, చదునైన వైపు తగిలితే గంటలు గడిచినా మింగలేకపోతుంది. శాస్త్రవేత్త సమీర్ మిత్రగోత్రి బృందం 2006లో ఈ సంగతి తేల్చింది.

2010లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఈసారి తీసుకున్నది పీఎల్‌జీఏ, ఆపరేషన్లలో కరిగిపోయే కుట్లకు వాడే పాలిమర్. బిళ్లలా చేయడంలో కెమిస్ట్రీ ఏమీ లేదు, ప్లాస్టిక్ పొరలో పొదిగి సాగదీయడమే. కిటుకంతా గొలుసు చివర ఉండే ఆమ్ల సమూహాల్లో ఉంది. మామూలుగా వాటికి రుణావేశం ఉంటుంది కాబట్టి నీటితో తలతన్యత తక్కువ, బిళ్ల బిళ్లలాగే నిలుస్తుంది. చుట్టూ ఆమ్లత్వం పెరిగితే అవి ప్రోటాన్‌ను పట్టుకుని ఆవేశం పోగొట్టుకుంటాయి. తలతన్యత పెరిగి, రేణువు గోళంగా ముడుచుకుంటుంది. పాలిమర్ ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి ఈ మార్పు వెంటనే జరగొచ్చు, రోజులూ పట్టొచ్చు.

అప్పటిదాకా బిళ్లను వదిలేసిన మాక్రోఫేజ్‌లు, అది గోళం కాగానే మింగేశాయి! మందును మోసే రేణువు కావాల్సినంత సేపు తప్పించుకుని, సరైన టైమ్‌లో కణంలోకి వెళ్లొచ్చన్న ఆశ ఇక్కడే పుట్టింది. అయితే ఇదంతా ల్యాబ్‌లో పెంచిన కణాలపై కనిపించిన ఫలితం. రక్త ప్రవాహంలో రేణువు దొర్లుతూ వెళ్తుంది, ఏ వైపు తగులుతుందో ముందే చెప్పలేం.