కట్టు నుంచి కుట్టు దాకా: రక్తనాళాల శస్త్రచికిత్స కథ

మన వయసు వాళ్ళు నలుగురు కలిసినచోట మాట ముందు పెన్షన్ మీద మొదలై, తరువాత బి.పి., షుగరు మీదికి మళ్ళడం సహజమే. ఆ మాటల మధ్య అప్పుడప్పుడు ఒక వార్త వినబడుతుంది, ఫలానా వారికి కాలి వేలు నల్లబడిందట, కాలు తీసేయాలన్నారట అని. ఈనాడు ఆ మాట అనేముందు వైద్యుడు ఇంకొక ప్రయత్నం చేసి చూడగలుగుతున్నాడు. ఆ అవకాశం ఎలా వచ్చిందో, దాని వెనుక ఎవరెవరి చేతులున్నాయో మన సభ్యులు తెలుసుకోవడం అవసరమనిపించి ఈ ప్రత్యేక సంచికకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గుండె నుంచి మంచి రక్తాన్ని తీసుకుపోయేవి ధమనులు, తిరిగి గుండెకు చేర్చేవి సిరలు. కాలువల కింద సేద్యం చూసిన మనవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. పెద్ద కాలువకు గండి పడితే నీరు వృథా అవుతుంది, పూడిక పడితే చివరి చేను ఎండిపోతుంది. ధమనికీ ఈ రెండు ఆపదలే. గండి పడితే మనిషి ప్రాణం పోతుంది, పూడిక పడితే కాలు పోతుంది. మూడవ ఆపద ఒకటుంది. గట్టు బలహీనపడి ఉబ్బినట్లు ధమని గోడ ఉబ్బి ఒకనాడు పగిలిపోవడం.

కట్టడమే తెలిసిన కాలం

రక్తం కారడాన్ని ఆపే ఉపాయాలు ప్రాచీనులకు తెలుసు. మన సుశ్రుత సంహిత సూత్రస్థానంలో సంధానం, స్కందనం, పాచనం, దహనం అని నాలుగు పద్ధతులు చెప్పబడ్డాయి. అంటే వగరు ద్రవ్యాలతో గాయాన్ని దగ్గరకు చేర్చడం, చల్లదనంతో రక్తాన్ని గడ్డకట్టించడం, భస్మం వంటి వాటితో ఆర్పించడం, చివరకు కాల్చడం. ఐరోపాలోనూ చాలాకాలం కాల్చిన ఇనుమే దిక్కు. 1552లో ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆంబ్రోయిజ్ పారే, కాలు తీసేటప్పుడు ధమనిని కాల్చడం మాని దారంతో ముడివేయడం మొదలుపెట్టాడు. 1785లో లండన్‌లో జాన్ హంటర్ ఒక బండివాడికి మోకాలి వెనుక ఉబ్బిన ధమనిని కాపాడదలచి, తొడలో ముడివేశాడు. పక్కనున్న చిన్న నాళాలు పెద్దవై రక్తం అందించడంతో అతని కాలు నిలిచింది.

కానీ ఈ అదృష్టం అందరికీ పట్టేది కాదు. ముడి వేస్తే ప్రాణం దక్కుతుంది, కింది అవయవం మాత్రం దైవాధీనం. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికన్ సైనికుల లెక్కలు 1946లో వెలువడ్డాయి. 2,471 ధమని గాయాలలో కుట్టి బాగుచేయడానికి ప్రయత్నించినవి 81 మాత్రమే. ముడివేసిన వారిలో దాదాపు సగం మంది అవయవాన్ని పోగొట్టుకున్నారు. కొద్ది ఏళ్ళకే, 1950లలో కొరియా యుద్ధంలో ధమనులను కుట్టడం ఆచరణలోకి వచ్చేసరికి ఆ నష్టం సుమారు 13 శాతానికి దిగింది. కట్టుకూ కుట్టుకూ మధ్య ఉన్న తేడా ఇది.

కుట్టుపని నేర్చిన వైద్యుడు

నిజానికి కుట్టే విద్య అప్పటికి యాభై ఏళ్ళ కిందటే పుట్టింది. 1894 జూన్ 24న ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నోను లియోన్ నగరంలో ఒకడు కత్తితో పొడిచాడు. కాలేయానికి పోయే పెద్ద సిర తెగింది. చుట్టూ పేరుమోసిన వైద్యులున్నా ఆ సిరను కుట్టే దారి తెలియక, ఆ రాత్రి దాటగానే ఆయన కన్నుమూశాడు. అప్పుడు ఆ ఊళ్ళోనే వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్ అనే యువకుడిని ఈ మరణం ఆలోచనలో పడవేసింది. బట్టను కుట్టగలిగినప్పుడు నాళాన్ని ఎందుకు కుట్టలేం?

లియోన్ పట్టు నేతకు ప్రసిద్ధమైన ఊరు. కారెల్ కుటుంబానిదీ బట్టల వ్యాపారమే. అతడు ఆ ఊరిలో అల్లిక పనిలో పేరుపొందిన లెరూడియే అనే ఆవిడ దగ్గర సన్నని సూది, సన్నని పట్టుదారం వాడడం నేర్చుకున్నాడు. ప్రొఫెసర్ల దగ్గర దొరకని విద్య ఒక కుట్టుపని చేసే ఇల్లాలి దగ్గర దొరికిందన్నమాట. 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. గుండ్రని నాళపు అంచుకు మూడుచోట్ల దారాలు వేసి లాగితే, గుండ్రన కాస్తా త్రిభుజమవుతుంది. అప్పుడు మూడు తిన్నని అంచులను కుట్టడం సులువు, రంధ్రం కుంచించుకుపోదు. ఇంత చిన్న ఉపాయం.

1904లో ఆయన అమెరికా చేరి, చికాగోలో చార్లెస్ గత్రీతో కలిసి ఈ పనిని పెంచాడు. 1908లో న్యూయార్క్‌లో రక్తస్రావంతో చావుబతుకుల్లో ఉన్న ఒక పసిబిడ్డకు, తండ్రి చేతి ధమనిని బిడ్డ కాలి సిరకు కలిపి రక్తం ఎక్కించి బ్రతికించాడు. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే చరిత్ర రాసేటప్పుడు ఒక పక్కే చూపరాదు. మనుషుల్లో మేలు జాతి, నాసి జాతి అంటూ ఆయన తరువాతి కాలంలో ప్రచారం చేసిన భావాలు ఆయన పేరుకు మచ్చ తెచ్చాయి. చేతి విద్య గొప్పదైనంత మాత్రాన అన్ని తలపులూ గొప్పవి కావు.

చూపు, మందు

కుట్టు తెలిసినా రెండు లోటులు మిగిలాయి. పూడిక ఎక్కడుందో బయటికి కనబడదు. కుట్టినచోట రక్తం గడ్డకడుతుంది. మొదటి లోటు తీర్చింది ఎక్స్‌రే. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొంటే, మూడు నెలలు తిరగకముందే వియన్నాలో ఒక శవం చేతి నాళాల్లోకి సుద్ద కలిసిన ద్రావణం ఎక్కించి చిత్రం తీశారు. బ్రతికున్న మనిషికి హాని లేని ద్రావణం దొరకడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మొనిజ్ మెదడు నాళాలను, 1929లో అదే ఊరిలో రేనాల్డో డోస్ శాంటోస్ పొట్టలోని బృహద్ధమనిని చిత్రంలో చూపించారు. రెండవ లోటు తీర్చింది హెపారిన్. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, గడ్డకట్టనీయని పదార్థాన్ని పట్టుకున్నాడు. శుద్ధిచేసి మనుషులకు వాడడం 1930లలో సాధ్యమైంది.

ఈ రెండూ చేతికి రాగానే పని ఊపందుకుంది. 1946లో రేనాల్డో కుమారుడు జోవో సిడ్ డోస్ శాంటోస్ హెపారిన్ అండతో ధమనిని తెరిచి లోపలి పూడికను తీసివేశాడు. తండ్రి చూపిన దారిలో కొడుకు పూడిక తీశాడు. 1948లో పారిస్‌లో జాన్ కున్లిన్, రోగి కాలి సిరనే తీసి, మూసుకున్న ధమనికి పక్కదారిగా కుట్టాడు. ఈనాటి బైపాస్‌కు అదే తొలి బాట. 1951లో అక్కడే షార్ల్ డ్యూబో ఉబ్బిన బృహద్ధమనిని తొలగించి, మృతదేహం నుంచి తీసిన ధమనిని అమర్చాడు.

గుడ్డ గొట్టం

మృతుల ధమనులు కావలసినన్ని దొరకవు, దొరికినా కాలక్రమేణా చెడిపోయేవి. 1947లో న్యూయార్క్‌లో ఆర్థర్ వూర్హీస్ అనే యువ వైద్యుడు, ఒక కుక్క గుండెలో మిగిలిపోయిన పట్టుదారం మీద మెరిసే సన్నని పొర ఏర్పడడం గమనించాడు. దారం మీద పొర వస్తే గుడ్డ మీద రాదా? పారాచ్యూట్‌కు వాడే వినియాన్ గుడ్డతో గొట్టాలు కుట్టి 1952లో ఫలితాలు ప్రకటించాడు. హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ నైలాన్ కోసం దుకాణానికి వెళితే అది అయిపోయిందని డాక్రాన్ ఇచ్చారట. చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చిన కుట్టుతో, భార్య కుట్టు మిషను మీద గొట్టం కుట్టాడు. 1954 నుంచి అది మనుషులకు వాడుకలోకి వచ్చి, నేటికీ నిలిచింది.

కోత తగ్గిన కాలం

1960ల ఆరంభంలో థామస్ ఫోగార్టీ అనే వైద్య విద్యార్థి, రబ్బరు చేతొడుగు వేలిముక్కను సన్నని గొట్టం చివర కట్టి బుడగ చేశాడు. అంత సన్నని ముడి వేయడం అతనికి చేపల గాలానికి ఎరలు కట్టిన అలవాటు వల్ల వచ్చింది. గడ్డను దాటించి, బుడగ ఊది, వెనక్కి లాగితే గడ్డ బయటికి వచ్చేస్తుంది. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ దగ్గరకు 82 ఏళ్ళ వృద్ధురాలు వచ్చింది. వేళ్ళు కుళ్ళుతున్నా కాలు తీయడానికి ఆమె ఒప్పుకోలేదు. డాటర్ కోయకుండా సన్నని గొట్టాలు ఒకదాని మీద ఒకటి దూర్చి దారి వెడల్పు చేశాడు. ఆమె మిగిలిన జీవితమంతా సొంత కాళ్ళ మీదే నడిచింది. 1974లో జూరిక్‌లో గ్రుంట్‌జిగ్ బుడగతో కాలి ధమనిని, 1977లో గుండె ధమనిని వెడల్పు చేశాడు. 1987లో ఖార్కివ్‌లో వొలొడోస్ ఛాతీలోని బృహద్ధమనికి, 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి పొట్టలోని బృహద్ధమనికి, తొడ దారిన లోపలి నుంచే గొట్టం అమర్చారు.

ఇద్దరు వృద్ధుల నిర్ణయాలు

ఐన్‌స్టీన్‌కు పొట్టలో బృహద్ధమని ఉబ్బితే 1948లో శస్త్రవైద్యుడు నిస్సెన్ దానికి సెల్లోఫేన్ చుట్టాడు. 1955లో అది పగిలినప్పుడు ఆయన శస్త్రచికిత్స వద్దని, ప్రశాంతంగా వెళ్ళిపోయాడు. అప్పుడు ఆయన వయసు 76. డెబేకీకి 2005 చివర బృహద్ధమని పొరలు చీలాయి. ఆయనే కనిపెట్టిన శస్త్రచికిత్స అది. మొదట వద్దన్నాడు. స్పృహ తప్పాక భార్య పట్టుబట్టడంతో, చేయవచ్చునా కూడదా అని వైద్యులు తర్జనభర్జన పడి, 2006లో తన 97వ ఏట శస్త్రచికిత్స చేశారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉండి కోలుకుని, చేయించినందుకు సంతోషించాడు. 2008లో 99వ ఏట మరణించాడు. ఇద్దరిలో ఎవరిది సరి అని తీర్పు చెప్పడం మన పని కాదు. మనకేం కావాలో మాట చెప్పగలిగినప్పుడే ఇంట్లో వాళ్ళకు చెప్పి ఉంచడం మాత్రం మన పనే. లేకపోతే ఆ బరువు భార్యాబిడ్డల మీద పడుతుంది.

మిత్రులకు నాలుగు మాటలు

నడిస్తే పిక్క పట్టేసి, కాసేపు నిలబడితే తగ్గిపోతుంటే దాన్ని వయసు మీదికి నెట్టవద్దు. 1831లో బూలే అనే పశువైద్యుడు గుర్రంలోను, 1858లో షార్కో మనిషిలోను గుర్తించిన ధమని పూడిక లక్షణం అది. చీలమండ దగ్గర రక్తపు పోటు కొలిచి చేతి పోటుతో పోల్చి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అయితే షుగరు ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఆ కొలత తప్పుదారి పట్టించవచ్చు, వారికి వేరే పరీక్షలు కావాలి. వారు రోజూ పాదాలు చూసుకోవాలి, నొప్పి తెలియదు గనుక కళ్ళే ఆధారం. చుట్ట, బీడీ, సిగరెట్ మానాలి. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, నొప్పి పెడితే ఆరు గంటలలోపు వైద్యం అందాలి, తెల్లారనిద్దామనుకోకూడదు. పొగతాగే అలవాటు ఉన్న, లేక ఒకప్పుడు ఉన్న మగవారు అరవై అయిదు దాటాక ఒకసారి పొట్ట స్కానింగ్ చేయించుకోవడం మంచిది.

ఎవరైనా కాలు తీసేయాలంటే, తొందరపడి సంతకం పెట్టకముందు, రక్తనాళాల వైద్యుడిని చూపించారా, రక్తప్రసరణ తిరిగి తెప్పించే వీలుందా అని అడగండి. ఒక్కోసారి ప్రాణం దక్కాలంటే తీయక తప్పదు, అప్పుడు ఆలస్యం కూడదు. కానీ అడగడం మన హక్కు. ఆ ప్రశ్నకు ఈనాడు జవాబు ఉందంటే, ఇంతమంది సూదీ దారం పట్టుకుని శ్రమించబట్టే.