యాభై రూపాయల టీకా

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా చేరిన కొత్తలో హెపటైటిస్ బి టీకా అంటే డబ్బున్నవాళ్ల టీకా. విదేశాల నుంచి రావాలి. డోసు వందల రూపాయలు, పైగా మూడు డోసులు. కూలి చేసుకుని బతికే ఇంట్లో ఆ మాట ఎత్తడానికే మాకు నోరు వచ్చేది కాదు. 1997 కల్లా పిల్లలందరికీ ఈ టీకా అందించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లోనే అన్ని దేశాలకూ చెప్పింది. ఏటా రెండు కోట్లకు పైగా బిడ్డలు పుట్టే దేశం ఆ ధరకు కొనేదెలా?

ఆ ముడి విప్పింది హైదరాబాదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ ఆ తర్వాత సీసీఎంబీ (సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం)లోనూ పరిశోధన సాగింది. ఈస్ట్ కణాల్లో వైరస్ పైపొర ప్రొటీన్‌ను తయారుచేసి, 1997లో షాన్‌వాక్-బి టీకాను డోసు దాదాపు 50 రూపాయలకే తెచ్చారు. మిగతా కంపెనీలూ పోటీకి దిగడంతో ధర ఇంకా తగ్గింది.

ధర తగ్గగానే టీకా పల్లెకు రాలేదు. ప్రభుత్వ కార్యక్రమంగా 2002లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో మొదలై, ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు విస్తరించి, దేశమంతటికీ చేరేసరికి 2011 వచ్చింది. ఇది పెట్టుబడికి తగిన ఫలమిచ్చే టీకా అని లక్నో సంజయ్ గాంధీ పీజీఐ వైద్యులు 2003లోనే లెక్కగట్టి చూపారు. పుట్టుకతో ఈ వైరస్ సోకిన పదిమంది బిడ్డల్లో సుమారు తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక కాలేయం గట్టిపడడం, క్యాన్సర్, ఆస్పత్రుల చుట్టూ తిరుగుళ్లు, పొలం అమ్మకాలు. అందుకే మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. "పసిగుడ్డుకి అప్పుడే సూదేంటి బాబూ?" అని అమ్మమ్మలు అడ్డుపడితే, మా నర్సమ్మ మంచం పట్టెమీద కూర్చుని ఓపిగ్గా నచ్చజెప్పేది.

ఈ టీకాకు వేడికంటే గడ్డకట్టడమే పెద్ద శత్రువు. ఐస్‌ప్యాకుల్ని ఫ్రీజరులోంచి తీయగానే టీకా క్యారియర్‌లో పెట్టకూడదు. కాసేపు బల్లమీద ఉంచి, చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడ్డాకే సర్దాలి. తొందరపడితే సీసా గడ్డకట్టి మందు విరుగుతుంది, కరిగాక అడుగున తెల్లటి రేణువులు దిగుతాయి. అలాంటి సూది వేసినా వేయనట్టే. బిడ్డకు రక్షణ ఉండదు, రిజిస్టరులో మాత్రం టిక్కు పడుతుంది.

టీకా చవక అన్నప్పుడు సీసా ధర ఒక్కటే చూస్తే చాలదంటాను. ఫ్రిజ్ మరమ్మతు, కరెంటు, నర్సమ్మ జీతం, ప్రసవం జరిగిన రాత్రే సూది వేసే మనిషి, ఇవన్నీ ఉంటేనే ఆ యాభై రూపాయలకు విలువ. దీని ఫలం ముప్పై, నలభై ఏళ్ల తర్వాత గానీ కనబడదు. అప్పటికి బడ్జెట్ మీద సంతకం పెట్టిన అధికారి కుర్చీలో ఉండడు. అందుకే కోత పడితే ముందు ఈ పద్దుల మీదే పడుతుంది. హైదరాబాదు శాస్త్రవేత్తలు తమ వంతు చేసేశారు. ఆ పద్దుల్ని కాపాడుకోవడం మన వంతు.