తొలి కోత, మలి కాన్పు

1876 మే 21. ఇటలీలోని పావియా పట్టణం. ప్రసూతి వైద్యుడు ఎడ్వార్డో పోరో ముందు జూలియా కావల్లీని అనే యువతి తొలిచూలు నొప్పులు పడుతోంది. చిన్నతనంలో రికెట్స్ వచ్చి ఎముకలు వంకరపోయిన మనిషి. బిడ్డ తల దిగడానికి కటి ఎముకల మధ్య చోటు లేదు. కడుపుతో ఉన్నమ్మ కనక మానదంటారు కానీ జూలియా లాంటి స్త్రీలు కనలేకపోయేవారు. రెండు మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డతో సహా ప్రాణం వదిలేవారు. పోరో ఆమె పొట్ట కోసి ఆడపిల్లను బయటికి తీశాడు. ఆ వెంటనే గర్భసంచిని కూడా కోసి తీసేశాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

గర్భసంచి ఎందుకు తీసేయాల్సి వచ్చింది? ఆ రోజుల్లో వైద్యులు పొట్టకు కుట్లు వేసేవారు గానీ లోపల గర్భసంచి కోతను అలాగే వదిలేసేవారు. అది తనంతట తానే ముడుచుకుని మూసుకుంటుందని నమ్మకం. పైగా, లోపల వేసిన కుట్లను తర్వాత విప్పే వీలుండదు కాబట్టి అవి చీము పట్టి తల్లిని చంపుతాయని భయం. దాంతో ఆపరేషన్‌ను తట్టుకున్న తల్లి కూడా రక్తం పోయో, విషజ్వరం వచ్చో పోయేది. 1865 నాటికి బ్రిటన్‌లో సిజేరియన్ అయినవాళ్లలో నూటికి 85 మంది చనిపోతున్నారని లెక్క. తల్లి ప్రాణం తీస్తున్నది గర్భసంచే అయితే దాన్నే లేకుండా చేయాలనుకున్నాడు పోరో. జూలియా ప్రాణం నిలిచింది. మలి కాన్పు అనే మాట మాత్రం ఆమె జీవితంలో లేకుండా పోయింది.

అంతకుముందు వేల ఏళ్ల పాటు ఎక్కువగా ప్రాణం పోయిన తల్లులకే పొట్ట కోసేవారు. తల్లి చనిపోయి కడుపులో బిడ్డ ఇంకా కదులుతుంటే వెంటనే కోసి తీయమని మన సుశ్రుత సంహిత చెబుతుంది. విషాహారం తిన్న మౌర్య రాణి కడుపు చీల్చి చాణక్యుడు బిందుసారుణ్ని కాపాడాడన్న కథను 12వ శతాబ్దంలో హేమచంద్రుడు రాశాడు. బతికున్న తల్లికి కాన్పు అడ్డం పడితే ఆమెను దక్కించుకోవడానికి వైద్యులు కడుపులోని బిడ్డ తలను ఛేదించి ముక్కలుగా తీసేవారు. యూరప్ ఆస్పత్రుల్లో 19వ శతాబ్దం చివరిదాకా ఇది జరిగింది. నొప్పుల కాన్పే సహజం, పాతకాలంలో ఆడవాళ్లంతా హాయిగా కనేవారు అని చెప్పేవాళ్లు ఈ చరిత్ర ఒక్కసారి చదవాలి. ఆ కాలపు పురిటిగదుల్లో ఎంతమంది తల్లులు పోయారో లెక్కలో లేదు.

పరిస్థితిని మార్చింది జర్మనీలోని లైప్‌జిగ్‌లో పనిచేసిన యువ వైద్యుడు మాక్స్ సెంగర్. 1882లో ఆయన గర్భసంచికి కూడా జాగ్రత్తగా పొరపొరగా కుట్లు వేయాలని ప్రతిపాదించాడు. వెండి తీగ, పట్టుదారం వాడాడు. శరీరం లోపల ఉండిపోయినా చీము పట్టని కుట్టు కావాలి. ఆ గుణం వెండి తీగకు ఉందని అప్పటికే తేలింది.

ఎలా తేలిందో చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. 1840లలో అమెరికాలోని అలబామాలో జె. మారియన్ సిమ్స్ అనే సర్జన్ బానిస స్త్రీల మీద వరసగా ఆపరేషన్లు చేశాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు చరిత్రకు తెలుసు. కాన్పు రోజుల తరబడి నిలిచిపోవడంతో బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయం చిల్లుపడి, ఎప్పుడూ మూత్రం కారే బాధ వాళ్లది. మత్తు లేకుండానే కోతలు పడ్డాయి. అనార్కాకు దాదాపు 30 ఆపరేషన్లు జరిగాక 1849లో వెండి తీగతో వేసిన కుట్టు నిలిచింది. నొప్పుల కాన్పులో చితికిపోయిన ఆ స్త్రీల దేహాల మీద నేర్చుకున్న కుట్టే తర్వాత లక్షల మంది తల్లులకు సిజేరియన్‌ను ప్రాణదానంగా మార్చింది. సిమ్స్‌కు విగ్రహాలు లేచాయి. ఆ ముగ్గురి పేర్లను లోకం చాలా ఆలస్యంగా తలుచుకుంది.

సెంగర్ కుట్టు త్వరగా వ్యాపించింది. పొగమంచు కమ్మి ఎండ తగలని కార్మికవాడల వల్ల గ్లాస్గోలో రికెట్స్ విపరీతం. అక్కడ 1888లో మర్డాక్ కామెరన్ రికెట్స్ బాధితురాలు కేథరిన్ కొల్కూన్‌కు ఇదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. తల్లీ బిడ్డా బతికారు. సరిగ్గా ఆ ఏడాదే మన హైదరాబాద్‌లో, ఇలాంటి ఆపరేషన్లకు ఇచ్చే క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో తేల్చడానికి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో తొలి కమిషన్ కూర్చుంది. మరుసటి ఏడు రెండోది. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. అదే నగరంలో రోగులకు క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందింది. ఈ కథలో మన ఊరికీ చోటుందని చెప్పుకోవడం నాకు గర్వం.

కుట్టు దొరికాక కోత ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. సెంగర్ కాలంలో గర్భసంచి పైభాగాన నిలువుగా కోసేవారు. నొప్పుల్లో బలంగా ముడుచుకునే దళసరి కండరం అది. మానినా ఆ గాటు బలహీనమే, తర్వాతి కాన్పు నొప్పులకు విచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. కింది భాగం పలచన, అంతగా ముడుచుకోదు. అక్కడ అడ్డంగా కోస్తే మేలని ఫెర్డినాండ్ కేరర్ 1881లోనే చేసి చూపినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1920లలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ పట్టుబట్టి ప్రచారం చేశాక ఆ అడ్డకోతే ప్రపంచమంతా నిలబడింది. నేటి తల్లులకు పడేది దాదాపుగా ఇదే.

ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పుడూ సిజేరియనే అన్న మాట మన ఇళ్లలోనూ వింటుంటాం. అది 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ నోట వచ్చింది. ఆయన మాట్లాడింది నిలువుకోత రోజుల్లో. అసలు ఉద్దేశం తోటి వైద్యులను హెచ్చరించడం: మొదటి ఆపరేషన్ తర్వాతి కాన్పులన్నిటినీ కట్టిపడేస్తుంది, వీలైతే దాన్నే తప్పించండి అని. లోకం ఆ హెచ్చరికను వదిలేసి, వాక్యాన్ని మాత్రం సూత్రంగా పట్టుకుంది.

నా దృష్టిలో నార్మలా, సిజేరియనా అన్న తర్కమంతా ఇక్కడే ఉంది. మనం తక్కెడలో ఈ ఒక్క కాన్పునే పెట్టి తూస్తున్నాం. మలి కాన్పు, మూడో కాన్పు కూడా అందులో ఉండాలి. మొదటి కోత మచ్చ మీద మాయ అతుక్కుని విడిరాకపోవడం తల్లికి ప్రాణాంతకం. మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా కూర్చున్న తల్లుల్లో అది గర్భసంచికి అతుక్కుపోయే ముప్పు మొదటి సిజేరియన్ సమయంలో 3 శాతం, రెండోసారి 11, మూడోసారి 40 శాతమని అమెరికాలో 2006లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. కాన్పయ్యే తల్లులందరినీ పది గుంపులుగా విడగొట్టి, ఏ గుంపులో ఎన్ని సిజేరియన్లో చూసే పద్ధతిని వైద్యుడు మైఖేల్ రాబ్సన్ 2001లో ఇచ్చాడు. ఆ లెక్క వేసిన చాలాచోట్ల పెద్ద వాటా పాత కోత ఉన్న తల్లులదే.

ఇక మన లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దేశంలోకెల్లా ఎక్కువ తెలంగాణలోనే. అక్కడి ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. జనాభా మొత్తం మీద పదిశాతం దాటాక సిజేరియన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 1985లో బ్రెజిల్‌లో జరిగిన సమావేశం 10 నుంచి 15 శాతం చాలన్నది. మన స్త్రీల ఎముకలు గ్లాస్గో కార్మికవాడల ఎముకల్లా వంకరపోలేదు కదా! ప్రతి అయిదుగురిలో ముగ్గురికి కోత తప్పదంటే కారణం దేహంలో వెతికితే దొరకదు.

ముహూర్తం పిచ్చి ఒక కారణం. పంచాంగం చూసి, ఫలానా ఘడియలో బిడ్డ పుట్టాలని డాక్టరుపై ఒత్తిడి తెచ్చే కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ. జాతకం బాగుండాలని చేసిన పనికి పసిబిడ్డ తొలి రోజులు ఎన్‌ఐసీయూలో గడపడం నాకు కడుపు మండే విషయం. కానీ నింద మొత్తం కుటుంబాలదే అనడం తప్పు. నొప్పులకు గంటల తరబడి పక్కన కూర్చునే మనిషి లేని ఆస్పత్రిలో, ఒక్క డాక్టరే రాత్రీపగలూ చూసుకోవాల్సిన చోట, ఆపరేషన్ సులువైన దారి అయిపోతుంది. నొప్పులంటే భయపడి కోత అడిగే అమ్మాయిని కూడా తప్పు పట్టలేను. లేబర్ రూంలో కసురుళ్లు, ఒక్కోసారి దెబ్బలు పడ్డ అక్కల అనుభవాలు విని ఆ భయం పుట్టింది.

సిజేరియన్‌ను శత్రువుగా చూడటం మరో ప్రమాదం. మాయ అడ్డం పడినప్పుడు, బొడ్డుతాడు ముందు జారినప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు నిమిషాలు లెక్క. అప్పుడు వెనకాడితే నేరం. నార్మల్ కాన్పుకూ మూల్యం ఉంది: చీలికలు, కొందరికి తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, గర్భసంచి జారడం. ఇవి తల్లికి ముందే చెప్పాలి.

2017లో తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి నర్సులకు మిడ్‌వైఫ్‌లుగా శిక్షణ మొదలుపెట్టింది. కాన్పు పూర్తయ్యేదాకా పక్కనుండి, నడిపించి, నడుం నిమిరి ధైర్యం చెప్పే మనుషులు వాళ్లు. మన పల్లెల్లో మంత్రసాని చేసిన పనిలో మంచిని శాస్త్రంతో కలిపితే వచ్చేది ఇదే. నన్నడిగితే కొత్త ఆపరేషన్ థియేటర్ కంటే ముందు ఇలాంటి వాళ్లు ప్రతి జిల్లా ఆస్పత్రికీ కావాలి.

ఇప్పటికే ఒక కోత పడిన తల్లి సంగతి? అడ్డకోత ఉన్నవాళ్లు తర్వాతి కాన్పుకు నొప్పులు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. మచ్చ విచ్చే ప్రమాదం వందలో ఒకటి కన్నా తక్కువ, నిలువుకోత అయితే అది చాలా రెట్లు. ఈ ప్రయత్నం ఇంట్లోనో, చిన్న నర్సింగ్ హోంలోనో చేసేది కాదు. రక్తం, మత్తు డాక్టరు, థియేటర్ అప్పటికప్పుడు సిద్ధంగా ఉన్నచోటే చేయాలి. అక్కడి డాక్టరు మొదట అడిగేది పాత కోత ఎలాంటిదన్నదే. చర్మం మీది మచ్చ చూస్తే లోపలి కోత తెలియదు. అందుకే తొలి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితంలో గర్భసంచిపై కోత అడ్డమా నిలువా, ఆపరేషన్ ఎందుకు చేశారు అన్న రెండు సంగతులు రాయించుకుని, బిడ్డ టీకా కార్డుతో పాటు దాచుకోవాలి.