రష్టన్ త్రికోణ గృహం: గోడల మీది రెండర్థాలు

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, రష్టన్ గ్రామం దగ్గర, కుందేళ్ల పెంపకం చూసే కాపరి కోసం కట్టిన చిన్న ఇల్లు ఒకటి ఉంది. సర్ థామస్ ట్రెషమ్ దీనిని 1593–1597 మధ్య కట్టించాడు. ఆయన కాథలిక్కు. ఎలిజబెత్ రాణి పాలనలో ఆ విశ్వాసానికి జరిమానాలు, చెర తప్పలేదు. ఆయన అనేక సంవత్సరాలు నిర్బంధంలో గడిపాడు. బయట అనలేని మాటను ఈ ఇంటి గోడలు ఏ పద్ధతిలో అన్నాయన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇంటి పునాది సమబాహు త్రిభుజం. గోడలు మూడు, ఒక్కొక్కటి 33 అడుగుల పైచిలుకు. అంతస్తులు మూడు. ప్రతి గోడ తలమీద మూడేసి ముక్కోణపు శిఖరాలు. పొగగొట్టానికీ మూడే పక్కలు. గోడకొకటిగా ఉన్న లాటిన్ శాసనాలలో ఒక్కొక్కదానికి 33 అక్షరాలు. పై అంతస్తు కిటికీలది మూడు రేకుల ఆకు ఆకారం. అది ట్రెషమ్ వంశచిహ్నం. మధ్యయుగపు గోతిక్ చర్చి కిటికీలలో విరివిగా కనిపించే రూపమూ అదే. క్రైస్తవుల త్రిత్వానికి గుర్తూ అదే. తలుపు పైని శాసనం ‘త్రెస్’ అనే మాటతో మొదలై, ముగ్గురు సాక్ష్యం చెబుతున్నారంటుంది. ‘త్రెస్’ అంటే మూడు. యజమాని పేరులోని తొలి భాగం కూడా అదే. సాక్షి దైవమా, యజమానా?

దీనిని శ్లేష అనడం సులభం. ఇదే శతాబ్దపు పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ వెంటనే గుర్తుకు వస్తుంది. కాని సూరన రెండు కథలనూ సమానంగా, బాహాటంగా చెప్పాడు. రష్టన్‌లో ఆ స్వేచ్ఛ లేదు. అందువల్ల ఆలంకారికులు చెప్పిన శబ్దశక్తిమూలధ్వని దీనికి దగ్గరగా తోస్తుంది: సందర్భం ఒక అర్థానికే కట్టుబడుతుంది, రెండవది వ్యంజన వల్ల స్ఫురిస్తుంది. ఇక్కడ సందర్భం కుందేళ్ల కాపరి ఇల్లు, వంశచిహ్నం. పైగా త్రిత్వాన్ని ప్రొటెస్టంట్లూ నమ్మారు. ఆ గుర్తును నేరమనడం కష్టం. పాత చర్చిల కిటికీని కాపరి ఇంటికి పెట్టడంలోనే ధ్వని ఉంది.

తలుపు మీద 5555 అనే సంఖ్య కూడా ఉంది. దానికి వ్యాఖ్యానాలు చాలా. మూడింటి లెక్కకు అలవాటుపడిన కన్ను ప్రతి రాతిలోనూ రహస్యం వెతుకుతుంది. ఈ వ్యాసం వాటి జోలికి పోదు.

లైవ్డెన్‌లో ట్రెషమ్ మొదలుపెట్టిన తోట భవనం సిలువ ఆకారంలోనిది. అక్కడ కుందేళ్లు లేవు, నెపమూ లేదు. 1605లో ఆయన మరణించాడు. ఆ భవనం నేటికీ కప్పు లేకుండానే ఉంది.