జనవరి 26: మా ఇంట్లో రెండు దేశాలు



సంక్రాంతికి చేసిన అరిసెల డబ్బా ఖాళీ అవకుండానే జనవరి 26 వచ్చేస్తుంది. ఆస్ట్రేలియాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఈ తేదీతో ఒక చిత్రమైన చిక్కు ఉంది. గుంటూరులో నేను చదువుకునే రోజుల్లో ఆ పొద్దున ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, బడిలో జెండా వందనం, చేతిలో రెండు చాక్లెట్లు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో అదే రోజు పార్కుల నిండా జనం, బార్బెక్యూ పొగలు. రెండు చోట్లా సెలవే కదా అని చాలా ఏళ్ళు ఆలోచించనే లేదు. కొన్నేళ్ళ క్రితం మా కౌన్సిల్ నుంచి ఒక ఉత్తరం వచ్చేదాకా.

మా ఇద్దరి పౌరసత్వం మంజూరైంది, ప్రమాణం చేయడానికి రండి అని ఆ ఉత్తరం. తేదీ జనవరి 26. మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదని మీకు తెలుసు. ఇక్కడిది వచ్చిందంటే అక్కడిది పోయినట్టే. అంటే సరిగ్గా రిపబ్లిక్ డే నాడు! మా ఆవిడ ఉత్తరాన్ని బల్ల మీద పడేసి, "వీళ్ళకి ఇంకో రోజే దొరకలేదా?" అంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి తనకి ఈ గొడవ లేదు. హాయిగా చూస్తూ కూర్చుంది.

ఆవిడ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను ఈ తేదీ చరిత్రలో పడ్డాను.

1788 జనవరిలో ఆర్థర్ ఫిలిప్ 11 ఓడలతో ముందు బాటనీ బే చేరాడు. అక్కడ మంచినీళ్ళు చాలవు, ఓడలకి సరైన రేవు లేదు. కాస్త ఉత్తరాన ఉన్న పోర్ట్ జాక్సన్‌కి మారి, 26న సిడ్నీ కోవ్‌లో దిగి బ్రిటిష్ జెండా ఎగరేశాడు. వలసరాజ్యాన్ని లాంఛనంగా ప్రకటించింది మాత్రం ఫిబ్రవరి 7న. బాటనీ బేలో నీళ్ళు బాగుండి ఉంటే మా ఇంట్లో ఈ తగాదా వచ్చేదే కాదు! ఇంకో సంగతి. అదే 1788లో మా గుంటూరు సర్కారు నిజాం చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది. ఇక్కడ ఈ గడ్డ మీద, అక్కడ మా ఊరి మీద, ఒకే ఏడాది ఒకే రాజ్యం జెండా పాతింది. చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో ఈ రెండూ పక్కపక్కన ఎవరూ చూపించలేదు.

సరిగ్గా ఇరవయ్యేళ్ళకి, 1808 జనవరి 26న, సిడ్నీలో సైనికులే తమ గవర్నర్ బ్లైని అరెస్టు చేసి కూర్చోబెట్టారు. అది వేరే కథ, ఇంకో వారం చెప్పుకుందాం.

మనవైపు ఈ తేదీ ఎలా వచ్చింది? 1929 డిసెంబరులో లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానించింది. దేశమంతా ప్రతిజ్ఞ చేయడానికి జనవరి చివరి ఆదివారం పెట్టుకున్నారు. 1930లో ఆ ఆదివారం 26వ తేదీ అయింది. ఆ తర్వాత ఏటా అదే స్వాతంత్ర్య దినం. తీరా స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చేసరికి పాపం ఈ తేదీకి పని లేకుండా పోయింది. అందుకే 1949 నవంబర్ 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆపి, 1950 జనవరి 26న అమల్లోకి తెచ్చారు. ఆగకుండా వెంటనే అమలైన కొద్ది అధికరణాల్లో పౌరసత్వానివి ఉన్నాయి. ఆ రోజుకి తెలుగువాళ్ళకి ఒక రాష్ట్రం లేదు. కొందరు మద్రాసులో, కొందరు హైదరాబాదులో. హైదరాబాదుకి ఆ రోజునుంచి రాజప్రముఖుడు ఎవరనుకున్నారు? నిజామే!

ఇక నన్ను బాగా పట్టుకున్నది 1938. తెల్లవాళ్ళు వచ్చి 150 ఏళ్ళయిందని సిడ్నీలో పెద్ద ఉత్సవం. ఫిలిప్ దిగిన ఘట్టాన్ని నాటకంలా ఆడారు. అందులో వేషం వేయడానికి ఆదివాసులని దూరంనుంచి తీసుకొచ్చి పోలీసు బ్యారక్స్‌లో ఉంచారు. అదే రోజు ఎలిజబెత్ స్ట్రీట్‌లోని ఆస్ట్రేలియన్ హాల్లో సుమారు వందమంది ఆదివాసులు సంతాప దినం జరిపారు. విలియం కూపర్, విలియం ఫెర్గూసన్, జాక్ పాటెన్ దానికి పెద్దలు. వాళ్ళని వెనక తలుపులోంచే లోపలికి రానిచ్చారు. వాళ్ళు అడిగిందేమిటి? పూర్తి పౌరసత్వం, సమానత్వం.

ఈ కూపర్‌కి చదువు చెప్పినవారిలో ఒకరు థామస్ షాడ్రక్ జేమ్స్. మారిషస్‌లో పుట్టిన భారతీయుడు. ఆస్ట్రేలియా వచ్చి మర్రే నది ఒడ్డున మలోగా మిషన్ బడిలో, ఆ తర్వాత కమరగుంజలో పంతులుగారయ్యారు. కూపర్ చెల్లెలు ఆడాని పెళ్ళిచేసుకుని అక్కడే ఉండిపోయారు. అర్జీలు రాయడం, హక్కులు అడగడం ఆ బడి పిల్లలకి ఒంటబట్టింది. కూపర్ తర్వాత బ్రిటిష్ రాజుకి పంపమని 1,814 సంతకాలు పోగుచేశాడు. ప్రభుత్వం పంపలేదు. ఇన్నేళ్ళు ఇక్కడుండి ఈ జేమ్స్ మాస్టారి పేరు నేను వినకపోవడం నాకే సిగ్గనిపించింది.

1949 జనవరి 26న ఆస్ట్రేలియా పౌరసత్వం అనేది మొదటిసారి చట్టంలోకి వచ్చింది. అంతకుముందు ఇక్కడివాళ్ళందరూ బ్రిటిష్ ప్రజలే. ఆదివాసులు కాగితం మీద పౌరులయ్యారు గానీ, ఫెడరల్ ఎన్నికల్లో దేశమంతటా ఓటు 1962లో గానీ రాలేదు. 1972లో మళ్ళీ జనవరి 26నే నలుగురు యువకులు కాన్‌బెర్రా పార్లమెంటు ముందు ఒక బీచ్ గొడుగు పాతి అదే మా ఎంబసీ అన్నారు.

ఇవన్నీ భోజనాల దగ్గర చెప్పాను. మా ఆవిడ అంతా విని, "అయితే నేను ఆ రోజు అస్సలు రాను. రెండు కారణాలు అయ్యాయి" అంది. నాకేమో అది పౌరసత్వం పుట్టిన తేదీ కూడా కదా అనిపించింది. గుంటూరు ఫోన్ చేస్తే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఏరా, నేను పుట్టింది 1946లో. అప్పుడు నేనూ బ్రిటిష్ ప్రజనే. నన్నడగకుండానే మార్చారు. నువ్వు అడిగి మార్చుకుంటున్నావు. అడిగినవాడివి, నువ్వే ఆలోచించుకో."

ఇప్పుడైతే కౌన్సిళ్ళు 26కి మూడు రోజులు అటూ ఇటూగా కూడా ఈ సభ పెట్టుకోవచ్చు. 2022 డిసెంబరులో ఆ వెసులుబాటు ఇచ్చారు. మా అప్పుడు అది లేదు. మా ఆవిడ వేరే తేదీ అడిగితే మార్చిలో రమ్మన్నారు. నేను 26నే వెళ్ళాను. ముందుగా ఒక ఆదివాసీ పెద్దావిడ మమ్మల్ని తమ నేల మీదకి స్వాగతించారు. ఆ రోజున ఆవిడ అక్కడ నిలబడి ఆ మాటలు చెప్పడం ఎంత కష్టమో అనిపించి, నేను తలెత్తి చూడలేకపోయాను. తర్వాత ప్రమాణం చేసి, ఒక మొక్క చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాను.

ఢిల్లీలో ఉదయం పదిన్నరైతే మనకి సాయంత్రం నాలుగు. టీవీలో పెరేడ్ పెట్టాం. జనగణమన రాగానే మా ఆవిడ లేచి నిలబడింది. అలవాటుగా నేనూ లేచాను. పాట అయ్యాక ఆవిడ నా వైపు తిరిగి, "మీరెందుకు లేచారు?" అంది. అమ్మాయి పకపకా నవ్వింది. ఆవిడ మార్చిలో వెళ్ళి వచ్చేవరకు, రెండు నెలలపాటు మా ఇంట్లో ఎవరి దేశం వాళ్ళదే.