చెరువు ఫోను, అంగన్‌వాడీ ఫోను

కైకలూరు చుట్టుపక్కల చేపల చెరువులకి ప్రమాదం తెల్లవారుజామున వస్తుంది. పగలంతా ఎండలో నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడగానే ఆ పని ఆగిపోతుంది. చేపలూ, నాచూ, అడుగున కుళ్ళే మేతా కలిసి రాత్రంతా ఉన్న ఆక్సిజన్ని వాడేసుకుంటాయి. పొద్దు పొడిచే ముందు అది బాగా పడిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే మరీను. అప్పుడు బొచ్చెలూ శీలావతులూ పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆ వేళకి గట్టు మీద ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. కాపలా జీతం మాట్లాడుకునేది మగమనిషితో. గట్టు మీది పాకలో కాపురం ఉండేది మాత్రం కుటుంబమంతా. నీళ్ళ రంగు మారిందని, వాసన తేడాగా ఉందని, నిన్న వేసిన మేత మిగిలిపోయిందని కనిపెట్టే కళ్ళలో ఆడవాళ్ళ కళ్ళు కూడా ఉన్నాయి. ఆ చూపుకి జీతం లేదు. ఏ పద్దు పుస్తకంలోనూ దాని ఊసు లేదు.

2012లో విజయవాడలో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ అనే సంస్థ ఈ మేలుకునే పనిని యంత్రానికి అప్పగించే ప్రయత్నం చేసింది. సౌరశక్తితో నడుస్తూ నీళ్ళ మీద తేలే పరికరం ఒకటి కరిగిన ఆక్సిజన్‌నీ, ఉష్ణోగ్రతనీ కొలిచి రైతు ఫోనుకి పంపిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే హెచ్చరిక వస్తుంది. ఇంట్లోంచి కదలకుండానే ఏరేటర్లు వేయవచ్చు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక కోస్తా జిల్లాల్లో పెట్టుబడులు పెరిగాయి. ఒక్క రాత్రిలో పోయే సొమ్ము కూడా పెరిగింది. కాబట్టి ఇలాంటి సెన్సార్లకి రొయ్యల చెరువులే మొదటి గిరాకీ అయ్యాయి. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. చెరువులో పుట్టిన సమాచారం చెరువు యజమాని చేతికే తిరిగి వస్తుంది. అతను దాన్ని చదువుతాడు, నిర్ణయం తీసుకుంటాడు, నష్టం తప్పించుకుంటాడు.

ఇదే కొల్లేటి నేల మీద ఇంకో ఫోను కూడా ఉంది. అది అంగన్‌వాడీ టీచరు చేతిలోది. ఒక లంక గ్రామంలో ఆమె పక్కన ఒక పూట కూర్చుని చూశాను. పిల్లని తక్కెడలో కూర్చోబెట్టి బరువు చూసింది. ముందు ఒక పాత నోటు పుస్తకంలో రాసుకుంది. తర్వాత ఫోనులో ఎక్కించబోతే సిగ్నల్ లేదు. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక ఫోను పట్టుకుని డాబా మెట్లెక్కింది. కిందికి దిగి, “సగం ఎక్కాయి మేడం. మిగతావి రాత్రి ఇంటి దగ్గర చూస్తా” అంది. ఎక్కిన ఆ అంకెలు ఏమవుతాయని అడిగాను. “పైకి వెళ్తాయి” అంది. పైనుంచి ఏమొస్తుందని అడిగితే నవ్వింది. “ఎందుకు ఆలస్యమైందని ఫోను వస్తుంది” అంది.

రెండు ఫోన్లూ కొలతల్ని పంపిస్తున్నాయి. ఒకచోట కొలత మనిషికి సాయంగా తిరిగి వస్తోంది. ఇంకోచోట కొలిచిన మనిషినే నిలదీయడానికి తిరిగి వస్తోంది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

కంప్యూటర్ బల్ల మీంచి దిగి జేబుల్లోకీ గోడల్లోకీ చేరి, మనం గమనించనంతగా రోజువారీ బతుకులో కలిసిపోవాలన్న ఆలోచనకి పేరు పెట్టినవాడు మార్క్ వైజర్. 1988లో అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనా కేంద్రం ‘పార్క్’లో అతను ఆ పని మొదలుపెట్టాడు. 1991లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాసిన వ్యాసంతో అది ప్రపంచమంతటికీ తెలిసింది. గొప్ప సాంకేతికత కంటికి కనపడకుండా పోతుందని అతని వాదన. ఈనాటి సెన్సార్లకీ స్మార్ట్‌ఫోన్లకీ పూర్వరూపాలు అక్కడే ఉన్నాయి.

అదే కేంద్రంలో లూసీ సుచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త పనిచేసేది. యంత్రాలు తయారుచేసేవాళ్ళు ఊహించుకునే పనికీ, మనుషులు నిజంగా చేసే పనికీ ఎంత దూరమో 1987లోనే ఆమె పుస్తకం రాసింది. 1995లో ఆమె రాసిన ఒక వ్యాసం పేరుకి ‘పనిని కనిపించేలా చేయడం’ అని అర్థం. ఒక న్యాయవాదుల సంస్థలో పత్రాలని వర్గీకరించి కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిని ఆమె పరిశీలించింది. లాయర్ల దృష్టిలో అది బుర్ర అక్కర్లేని చాకిరీ. దగ్గర కూర్చుని చూస్తే ప్రతి పత్రం దగ్గరా ఆ పని చేసేవాళ్ళు చదివి, అర్థం చేసుకుని, నిర్ణయం తీసుకుంటున్నారు. తమ ఆలోచనల వెనక సుచ్‌మన్ వంటి మానవశాస్త్రవేత్తల ప్రభావం ఉందని వైజర్ బృందం తర్వాత ఒప్పుకుంది కూడా. అయినా లోకం పట్టుకున్నది మాయమయ్యే యంత్రాన్నే. దాని వెనక మాయమవుతున్న పని సంగతి పక్కకి పోయింది. ఇంటిచాకిరీ గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనకి ఇది కొత్త కథేమీ కాదు. వేళకి అన్నం కంచంలోకి వస్తున్నంతకాలం వంట ఎవరికీ కనపడదు.

మన దగ్గర ఈ కథ రిజిస్టర్లతో మొదలైంది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న వచ్చింది. అంగన్‌వాడీ టీచరు అందులో ఉద్యోగి కాదు, ‘గౌరవ వేతనం’ తీసుకునే స్వచ్ఛంద కార్యకర్త. గర్భిణులు, బాలింతలు, ఆరేళ్ళలోపు పిల్లలు, పుట్టుకలు, చావులు, టీకాలు, ఇచ్చిన తిండి అన్నీ ఆమే రాయాలి. ఆమెతోపాటు ఏఎన్ఎం కూడా. మైదాన ప్రాంతంలో 5000 మందికి ఒక ఉపకేంద్రం అన్నది ప్రభుత్వ ప్రమాణం. ఆ 5000 మంది ఆరోగ్యానికి లెక్క రాసేది ఒక ఆడమనిషి చెయ్యి. ఒకే పేరుని పది పుస్తకాల్లో తిరగరాయడంలోనే నెలలో సగం రోజులు పోయేవి.

ఈ బరువు తగ్గించడానికని 2000ల తొలి ఏళ్ళలో నల్లగొండ జిల్లాలో ఒక ప్రయోగం జరిగింది. సీఎంసీ సంస్థ తయారుచేసిన ప్రోగ్రాముతో ఏఎన్ఎంల చేతికి అరచేతి కంప్యూటర్లు ఇచ్చారు. స్మార్ట్‌ఫోన్లు మన ఊళ్ళకి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే, సంచారంలో సమాచారం పోగుచేసే కంప్యూటర్ తెలుగునేల మీద నర్సమ్మ సంచిలోకి వచ్చిందన్నమాట. దేశంలో మొబైల్ సమాచారానికి చరిత్ర రాస్తే మొదటి పేజీల్లో ఇంజనీర్ల సరసన ఈ నర్సమ్మలూ ఉండాలి. అంత కాకపోయినా ఆ ప్రయోగం ఉద్దేశం మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. రాత పని తగ్గితే ఆమెకి తల్లులతో గడిపే సమయం దొరుకుతుందన్నది దాని లక్ష్యం.

ఆ లక్ష్యం తర్వాత వెనక్కి పోయింది. 2018 మార్చి 8న, మహిళా దినం నాడే, పోషణ్ అభియాన్ మొదలైంది. దాంతోపాటు అంగన్‌వాడీ టీచర్లకి ఫోన్లూ, ఒక సాఫ్ట్‌వేరూ వచ్చాయి. 11 రిజిస్టర్లలో పదింటిని ఫోనులోకి మార్చేస్తామన్నారు. ఆ సాఫ్ట్‌వేరు పోయి 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. సాఫ్ట్‌వేరు మారినప్పుడల్లా నేర్చుకోవడం, పేర్లు సరిచూసుకోవడం, తప్పులు దిద్దుకోవడం మళ్ళీ ఆమె పనే. సమాచార నిర్వహణ అని పెద్ద మాటల్లో చెప్పేదంతా, ఆమె పూటలో చూస్తే, చార్జింగ్ పెట్టుకోవడం, సిగ్నల్ కోసం నడవడం, ఎక్కనివాటిని గుర్తుపెట్టుకోవడం, వలసపోయిన తల్లి ఏ ఊళ్ళో ఉందో కనుక్కోవడం.

ఫోను వల్ల మేలు లేదని నేను అనడం లేదు. పిల్ల వయసు, ఎత్తు, బరువు ఎక్కిస్తే ఎదుగుదల ఎలా ఉందో అది వెంటనే లెక్కకడుతుంది. కాగితం మీద ఆ లెక్క కష్టం. కానీ కాగితానికి ఒక గుణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలతో వచ్చిన ఎదుగుదల చార్టులో ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు ఉంటాయి. చదువురాని తల్లి కూడా తన బిడ్డ చుక్క ఏ రంగులో పడిందో చూడగలదు. ఆ కార్డు ఆమె ఇంట్లోనే ఉంటుంది. అందులోని సమాచారం ఆమెది. ఒకే బరువుని రెండుచోట్ల ఎక్కించవలసి వచ్చినప్పుడు, తనిఖీ ఫోనుకే ఉన్నప్పుడు, వెనకబడేది తల్లి చేతిలోని కార్డే.

2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం గుర్తింపు తప్పనిసరి అయింది. బాలింత ముఖాన్ని ఫోను కెమెరాకి చూపించాలి, అది ఆధార్ వివరాలతో సరిపోలాలి. నమోదుకి ఓటీపీ కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ చెరువు పనికి వెళ్ళిన భర్త జేబులో ఉంటే ఆ ఓటీపీ ఎక్కడికి పోతుంది? గుడ్లు దొంగ పేర్ల మీద పోతున్నాయన్న అనుమానానికి మందుగా వచ్చిన ఈ పద్ధతిలో, రుజువు చూపవలసింది తీసుకునే ఆమే, ఇచ్చే ఆమే. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా, ప్రభుత్వం సబ్సిడీలూ పథకాలూ ఇచ్చే సందర్భంలో విడిగా సమ్మతి అడగనక్కర్లేకుండా సమాచారం వాడుకోవడానికి వీలిచ్చింది.

తమ చేతిలో లేని కొలత బతుకుని ఎలా మారుస్తుందో కొల్లేటి ఆడవాళ్ళకి ముందే తెలుసు. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత వరకు 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లు తెంచేశారు. సరస్సు బతకాలంటే అది అవసరమే కావచ్చు. ఆక్రమించిన పెద్దలు ఎవరో అందరికీ తెలుసు. కానీ గీత ఎక్కడినుంచి పోతుందన్న పటం, ఆ గీత మీద కూలిబతుకు ఉన్న ఆడమనిషి ముందు ఎవరూ పరిచింది లేదు.

అందుకే అంగన్‌వాడీల పోరాటాన్ని జీతాల గొడవగా మాత్రమే చూడటం పొరపాటు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్ళకి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సమ్మె చేశారు. కనీస వేతనం, గ్రాట్యుటీలతో పాటు యాప్‌ల భారం మాట కూడా ఆ సమ్మెలో వినిపించింది. కేంద్రాల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో నడిపించాలని చూశారు, ఎస్మా ప్రయోగించారు. తాళం పగలగొడితే తక్కెడ దొరుకుతుంది, రిజిస్టరు దొరుకుతుంది. ఏ పిల్ల నిన్నటినుంచి తినడం లేదో, ఏ కోడలు రక్తహీనత సంగతి అత్త ముందు చెప్పదో ఆ గదిలో దొరకదు.

చెరువు ఫోనుకి ఉన్న న్యాయం అంగన్‌వాడీ ఫోనుకీ కావాలి. ఊళ్ళో పుట్టిన అంకె ముందు ఆ ఊరి తల్లికీ, ఆ టీచరుకీ అక్కరకు రావాలి. ఈ నెల మన ఊళ్ళో ఎంతమంది పిల్లలు బరువు తగ్గారో, ఎందుకు తగ్గారో తల్లుల సమావేశంలో చెప్పుకునేలా తిరిగి రావాలి. ఎక్కించే సమయం పనిగంటల్లోకి, జీతంలోకి రావాలి. మొన్న ఆ లంక గ్రామంలో బయల్దేరబోతుంటే ఆ నోటు పుస్తకం గురించి అడిగాను, ఫోనులో ఉన్నాక మళ్ళీ ఎందుకని. “అది వాళ్ళకి మేడం. ఇది నాకు. పొద్దున్నే ఎవరింటికి ముందు వెళ్ళాలో ఇందులో చూసుకుంటా” అంది.